అదే బ్రేకు

“బ్రేకు ముందు చెయ్యి బిడ్డా. సీటు సంగతి తర్వాత చూద్దాం,” అంది అంబమ్మ.

శివరాజ్ సీటుకి పెట్టబోయిన వెల్డింగ్ కడ్డీ పక్కన పెట్టాడు. పదిరోజులుగా ఇదే తంతు. పొద్దున్నే వస్తుంది. రేకుల షెడ్డు గుమ్మంలో బోర్లించిన డబ్బా మీద కూర్చుంటుంది. రెప్ప వెయ్యకుండా చూస్తుంది. పచ్చి మంచినీళ్ళైనా ముట్టదు.

ఏడాది కిందట ఆమె ఒక్కగానొక్క కొడుకు సిద్దు, శివరాజ్ చేసిన బండిలోనే పోయాడు. పాత బైకు ఇంజను, నాలుగు లావు టైర్లు, వెనక చక్రాలను తిప్పే చైను, ఒకే ఒక్క బ్రేకు. గుట్టలెక్కే బండి వచ్చిందని నిర్ణా ఊరంతా మురిసింది. ఎర్రరాయి గని దగ్గర ఏటవాలులో అది ఆగలేదు. సిద్దుతో సహా గనిలో పడింది. చూస్తే చైను తెగి ఉంది.

“కింద పడ్డంక తెగింది. ముందే తెగినా నా బ్రేకు పడతది,” అని శివరాజ్ పదిమందిలో గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. ఊరు నమ్మింది. అంబమ్మ తల ఊపనూ లేదు. ఏడవనూ లేదు. అమ్మో, ఏడవని తల్లితో పెట్టుకోకూడదు!

ఇప్పుడొచ్చి, “అసొంటి బండే ఇంకోటి చెయ్యి,” అని కూర్చుంది. పాత బండి మూడో రోజే బీదర్‌లో పాత ఇనుము కింద పోయింది మరి.

“పెద్దల అమాస, పెత్రమాసకు వాని పేర్న బియ్యం ఇయ్యాలె. బ్రేకు పడలేదా, వాడే తొక్కలేదా? అది తెల్వకుండ ఎట్ల ఇయ్యాలె?”

శివరాజ్ ఆ రోజే పాత ఇంజనొకటి వెతికి తెచ్చాడు.

వెనక ఇరుసుకి బ్రేకు డిస్కు బిగిస్తుంటే ఆమె లేచి దగ్గరికొచ్చింది. వేలితో డిస్కును తాకింది.

“ఆ బండికి గూడ ఇట్లనే ఉండెనా?”

“ఇట్లనే ఉండె పెద్దమ్మా.”

“మళ్ళ చెప్పు.”

“నీ మీదొట్టు. ఇట్లనే ఉండె.”

పెత్రమాస ముందురోజు మధ్యాహ్నం బండిని గని దగ్గరికి చేర్చారు. శివరాజ్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోయాడు.

“వద్దు. ఆ పొద్దు పెట్టలె,” అంది అంబమ్మ. “చైను ఇప్పు.”

“పెద్దమ్మా!”

“తెగినా బ్రేకు పడతదంటివి గద. ఇప్పు. నువ్వే కూసో.”

కొడుకు పోయిన దారినే తననూ పంపుతోంది ఈ తల్లి. శివరాజ్ పానా తీశాడు. చైను విప్పి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూర్చుంది.

బండి కదిలింది. వాలులో వేగం అందుకుంది. గని అంచు దగ్గరపడింది. శివరాజ్ ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుని బ్రేకు తొక్కాడు.

వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. ఎర్రదుమ్ము లేచింది. అంచుకి బారెడు దూరంలో బండి ఆగింది.

అంబమ్మ మెల్లగా దిగి వచ్చింది. చెంప పగలగొడుతుందనుకున్నాడు. ఆమె అతని తల నిమిరింది.

“నీ తప్పు లేదు బిడ్డా. ఏడాది సంది నిన్ను తిట్టుకున్న, పాపం మూటగట్టుకున్న. బ్రేకు మంచిగనే పడ్డది. వాడే తొక్కలె.” చేతిలో చైను నేలకేసి కొట్టింది. “ఆ పొద్దు వానితోని నేనే అన్న, నువ్వు సస్తే పీడ పోతదని. నా నోరే మింగింది నా కొడుకును!”

ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. గుండెలు బాదుకుంటూ అక్కడే కూలబడింది. శివరాజ్ ఏదో చెప్పబోయాడు. మళ్ళీ నోరు మూసుకున్నాడు.

సిద్దు బండిలో ఆ డిస్కు వెనక ఇరుసుకి కాదు, చైనుకి ఇవతల ఇంజను పక్కన ఉండేదని, చైను తెగితే ఎంత తొక్కినా ఆ బ్రేకు చక్రాలను ఆపలేదని, ఇప్పుడు ఈ లోకంలో శివరాజ్ ఒక్కడికే తెలుసు.