బొమ్మ రాని పెళ్ళి వీడియో

అత్తగారి కెంపుల హారం కొట్టేసిన దగ్గర్నుంచి పెద్దల్లుడికి ఒకటే భయం. మరదలి పెళ్ళి వీడియో ఎవరైనా చూస్తే తన గతేమిటని.

కొట్టేయడం మాత్రం మహా తేలిగ్గా జరిగిపోయింది. హారం చిన్నకూతురికే ఇస్తానని అత్తగారు నలుగురిలో అనేసరికి అతనికి ఒళ్ళు మండింది. అత్తగారింట్లో విందు రోజు పెళ్ళికొడుకు మేనమామ మైకు పుచ్చుకుని ఉపన్యాసం దంచుతుంటే, హాల్లో జనం ఆవలింతలు మింగుతుంటే, అతను లోపలి గదిలోకి వెళ్ళి బీరువాలోని హారాన్ని జేబులో వేసుకున్నాడు. పెళ్ళాం మెడలో వేద్దామనే తీశాడు. వేస్తే చుట్టాలంతా గుర్తుపడతారన్న సంగతి ఇంటికొచ్చాకగానీ తట్టలేదు. పాపం, ఆ కెంపులు అటక మీద పాత బూటులో కాపురం పెట్టాయి.

గదిలోంచి బయటపడేటప్పుడే అతని గుండె జారింది. నడవలో చినమామగారు అటు తిరిగి మంచినీళ్ళు తాగుతున్నాడు. చేతిలో పెళ్ళి తీస్తున్న కెమెరా, దాని మీద ఎర్రదీపం. కెమెరా ఎటు చూస్తోందో చూసే ధైర్యం ఎవడికుంటుంది? పిల్లిలా జారుకున్నాడు.

అదృష్టం ఏమిటంటే, అది తాతల కాలం కెమెరా. దాని ఫైలు ఏ ఫోనులోనూ తెరుచుకోలేదు, ఏ టీవీలోనూ ఆడలేదు. అల్లుడు హాయిగా ఊపిరి పీల్చుకుంటున్న సమయంలో, ఒక ఆదివారం అత్తగారు పెన్‌డ్రైవ్ పట్టుకుని దిగింది.

"అల్లుడుగారూ, కంప్యూటరు సంగతులు మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? దీన్ని ఎలాగైనా టీవీలో ఆడేలా మార్చిపెట్టండి. పెళ్ళి చూసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది."

వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాడు అతను. "దానికేం భాగ్యం అత్తయ్యగారూ" అంటూ రెండు చేతులా అందుకున్నాడు.

అతని కంప్యూటరు కూడా ముసలిదే. బానపొట్ట మానిటరు, స్విచ్చి వేస్తే పిండిమరలా మోత. అతను ఫైలు తెరిచేలోపే భార్య కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. చెల్లెలి పెళ్ళిలో ఆమె పాట పాడింది మరి.

సన్నాయి వినిపించింది. నవ్వులు వినిపించాయి. తెర మాత్రం నల్లగా ఉంది.

"మాటలొస్తున్నాయి, మనుషులు రావట్లేదేంటండీ?"

"బొమ్మను విప్పి చూపించే కోడెక్ అని ఒకటుంటుంది. అది ఇందులో లేదు."

"మరి వెయ్యండి."

"ఈ ముసలిదానికి అది ఎక్కదు. ఫైలునే వేరే రకంలోకి మార్చాలి. మారిస్తే బొమ్మ వస్తుంది."

"అయితే నా పాట చూసేదాకా నేను కదలను."

అతను లెక్కేసుకున్నాడు. మార్చితే బొమ్మ వస్తుంది. బొమ్మ వస్తే బీరువా గది గుమ్మంలో తను వస్తాడు. చూసేది కట్టుకున్న పెళ్ళాం. కాబట్టి ఆ ముక్కను మార్చకముందే లేపేయాలి, అదీ కళ్ళతో చూడకుండా, చెవులతోనే.

ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మేనమామ ఉపన్యాసం మొదలైంది. కాసేపటికి అది సన్నబడింది. అంటే చినమామగారు నడవలోకొచ్చాడన్నమాట. గ్లాసు చప్పుడు. గుటకలు. తర్వాత ఉపన్యాసం మళ్ళీ పెద్దదైంది. ఇక సందేహం లేదు, ఆ నడుమదే తన జాతకం. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కావాలో చెబితే అంతే మార్చే సాఫ్ట్‌వేరు అతని దగ్గరుంది. ఆ నడుమ ముక్క వదిలేసి, అటూ ఇటూ అతికించి, మీట నొక్కాడు.

నీలం గీత నత్తలా పాకింది. పెట్టె పెనంలా కాలింది. ఫ్యాను ఆగిపోతుందేమోనని భార్య దినపత్రికతో కంప్యూటరుకు విసురుతూ కూర్చుంది. ఎట్టకేలకు తెర మీద పూలు, మనుషులు, రంగులు. భార్య పాట రాగానే ఆమెకంటే ముందు అతనే చప్పట్లు కొట్టాడు. అతుకు వేసినచోట మేనమామ మాట నుంచి మాటకు గెంతాడంతే. పనిలో పనిగా పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫైలు కూడా చెరిపేసి, మార్చినదాన్ని అందులో ఎక్కించాడు. ఆనందం పట్టలేక భార్య చెయ్యి పట్టుకుని వంటింటి దాకా చిందులేశాడు.

"నా పాట అంత బావుందా?" అంది ఆమె మురిసిపోతూ.

మరుసటి ఆదివారం అత్తగారింట్లో అందరూ టీవీ ముందు చేరారు. ఉపన్యాసం ఇట్టే అయిపోయిందని బావమరిది సంబరపడ్డాడు. వీడియో ముగిసేసరికి ఇల్లంతా పెద్దల్లుడిని మెచ్చుకుంది. అతను గాల్లో తేలిపోయాడు. ఇక ఈ జన్మకు భయం లేదు.

అత్తగారు స్వయంగా కాఫీ తెచ్చి అతని చేతికిచ్చింది. పక్కన కూర్చుని, చిరునవ్వు చెదరకుండా, అతనికి మాత్రమే వినిపించేలా అంది.

"హారం సాయంత్రంలోగా బీరువాలో ఉంటే ఎవరికీ చెప్పను."

అతను కప్పు కింద పెట్టాడు. "ఏ హారం అత్తయ్యగారూ? వీడియోలో అలాంటిదేమీ లేదే."

"ఎలా ఉంటుంది? నువ్వు కోసేసిన ముక్కలో ఉన్నది మా మరిది చెప్పులూ, నడవలో నేలా. ఈ ఫైలు ఇంట్లో ప్రతివాడికీ విడివిడిగా ఇచ్చి మార్చుకు రమ్మన్నాను నాయనా. మిగతావాళ్ళంతా ఆ ముక్కతో సహా తెచ్చారు, ఆ చెప్పులకు భయపడినవాడివి నువ్వొక్కడివే."