పుంజు పేరు

"నెల కిందట పిలిస్తే ఇవాళా రావడం? పది నిమిషాలు వాడకుండా వదిలితే చాలు, ఇంటర్నెట్టు చచ్చేది!" అంది ఒబ్దులియా.

"ఇప్పుడు చావట్లేదుగా అమ్మా," అన్నాడు మెకానిక్కు. "మీరు వాడనప్పుడు మీ నెట్టు మీద ఇంకెవరో సీరియళ్ళు చూస్తున్నారు, అందుకే. ఫోను పేరు తోమాసా అని చూపిస్తోంది."

"పక్కింటి దొంగమొహంది! మూడేళ్ళుగా మాటల్లేవు. నా పుంజును కోసి కుండలో వేసుకుని, దాన్ని చూడనే లేదని మేరీమాత మీద ఒట్టేసింది."

"మరి పాస్‌వర్డ్ ఎలా తెలిసింది?"

"ఆ పుంజు పేరే పెట్టాను. హసింతో."

మెకానిక్కు నవ్వాపుకున్నాడు. "మార్చేయనా?"

ఒబ్దులియా పక్కింటి గోడవైపు చూసింది.

"వద్దులే. తింటే తిన్నది గానీ, పేరు మరిచిపోలేదు."

లేచి గోడమీద దబదబా బాదింది.

"ఏమే తోమాసా! నేను చర్చికి పోతున్నా. వచ్చేలోగా ఆ సీరియల్ ఆపావో, చంపేస్తా!"