గేటు ఇవతల

"ఒక్కసారి పైకెళ్ళి చూసొస్తాను బాబూ. గేటు తియ్యవూ?"

కాపలాదారు నవ్వాడు. ఆ కొండల పార్కులో కింది భాగమంతా పర్యాటకులది. పై లోయ మాత్రం జంతువులది. అక్కడికి ఎవరినీ పోనివ్వరు.

"ఒక్కసారి అనేవాళ్ళే అందరూనూ. కుదరదు పెద్దమ్మా."

"పైన నీలం పూలు విచ్చాయా?"

"నేనూ చూళ్ళేదండీ. గేటు దాటితే నా ఉద్యోగం ఊడుతుంది."

"మంచిది," అంది ముసలావిడ.

కానీ వెళ్ళలేదు. పక్కనున్న బల్ల మీద కూర్చుని, లోయ వైపు నుంచి వచ్చే గాలిని ఆబగా పీల్చుకుంది.

మధ్యాహ్నమైంది. ఆవిడ కదిలితే ఒట్టు. కాపలాదారుకి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

"వెళ్ళి తినిరా. నేను చూస్తుంటాలే."

తాళం లాగి చూసుకుని గదిలోకి వెళ్ళాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో, కంచె పక్కన మనిషి దూరేంత సందు ఉందని గుర్తొచ్చింది. ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు.

ఆవిడ సరిగ్గా ఆ సందుకే అడ్డంగా నిలబడి ఉంది. ఎదురుగా కారు దిగిన నలుగురు.

"పెద్దాఫీసరు మాకు బాగా తెలుసు!" అంటున్నాడు ఒకడు.

"నాకు తెలీదులే నాయనా. బండి వెనక్కి తిప్పు."

వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

"మీరే దూరిపోయారనుకున్నా," అన్నాడు కాపలాదారు సిగ్గుపడుతూ.

"కాళ్ళు అటే లాగాయి బాబూ. ఇన్నేళ్ళూ మనసును ఆపుకున్నాను. ఈమధ్యే ఆగనంటోంది." కళ్ళు తుడుచుకుంది. "నేను మళ్ళీ వచ్చి ఏడ్చినా సరే, తియ్యకు."

సాయంత్రం బస్సెక్కింది. మళ్ళీ రాలేదు.

చలికాలం పోయాక పెద్దాఫీసరు దండ వేసిన ఒక ఫొటో తెచ్చి కాపలాగదిలో తగిలించాడు. కాపలాదారు ఉలిక్కిపడ్డాడు.

"ఈవిడ పోయారా సార్? పైకెళ్ళాలని ఎంత ఆశపడ్డారో! నేనే తియ్యలేదు." అతను జేబులో తాళంచెవి తడుముకున్నాడు. "తనెవరో ఒక్క మాట చెప్పి ఉంటే తీసేవాణ్ణేమో."

"అందుకే చెప్పి ఉండదు," అన్నాడు ఆఫీసరు ఫొటో సరిచేస్తూ. "హోటళ్ళవాళ్ళు ఎగబడుతుంటే, తనతో సహా మనిషన్నవాడెవడూ అడుగు పెట్టకూడదన్న ఒకే ఒక్క షరతుతో, తను పుట్టిపెరిగిన ఆ లోయంతా పార్కుకి రాసిచ్చేసింది ఈవిడే."