కాగితం లేని తాళం

"కాగితం ఎక్కడ దాచావు ముసలమ్మా?" గుమ్మంలోంచే అడిగాడు గణపతిరావు.

"ముందు కూకో బాబూ. విజయనగరం నుంచి ఎండన పడి వచ్చినావు," అంది ఎలీసమ్మ, ఒళ్లో ఉన్న చేట పక్కన పెట్టి.

కూర్చునే తీరిక ఆయనకు లేదు. పొద్దున్న డిస్కు పోయి ఆఫీసులో వీపీఎన్ సర్వర్ పడిపోయింది. పన్నెండు బ్రాంచీల వాళ్లూ దాని దారినే ఆఫీసు కంప్యూటర్లలోకి రావాలి. కొత్త సాఫ్ట్‌వేర్ కంటైనర్‌లో సర్వర్ని నిలబెట్టడం అరగంట పని. పాత సెట్టింగుల బ్యాకప్ కూడా వేరే మిషన్లో భద్రంగానే ఉంది. కానీ దానికి పాస్‌వర్డుతో తాళం వేసి ఉంది. వేసింది ఎలీసమ్మ మనవరాలు స్వర్ణ. ఆ పాస్‌వర్డు కాగితం మీద రాసి సర్వర్ గది గోడకి అంటించమంటే కుదరదన్నదని, పోయిన వారమే గణపతిరావు ఆమెను ఉద్యోగంలోంచి తీసేశాడు.

"ఫోన్లో చెప్పనంది. మా మామ్మ దగ్గరుంది, వెళ్లి అడగండంది. మర్యాదగా ఇచ్చెయ్." ఆయన తన ఫోన్ బల్ల మీద పెట్టాడు. "నువ్వనేదంతా రికార్డవుతోంది. ఇవ్వకపోతే ఇదే సాక్ష్యం. సాయంత్రానికి నీ మనవరాలి మీద కేసు."

"అవనీ. నాకు సదువు రాదు, నాకెందుకు కాగితాలు? సెప్తాను, ఇనుకో. నెల్లిమర్ల మిల్లులో గోనెలు కుట్టే వరసలో మేం ఆరుగురం. మొదట లక్ష్మణమ్మ, దాని నోటికి మిషను సప్పుడు సాలదు. పక్కన తవిటమ్మ..."

"నీ సోది ఎవడిక్కావాలి?" ఆయన బైబిలు తీసి దులిపాడు. ట్రంకుపెట్టె మూత ఎత్తాడు.

"తవిటమ్మ పక్కన దాలమ్మ. మేస్త్రీ తిడితే సూది సూపించీది. తర్వాత పోలమ్మ, సూరమ్మ. ఆకర్న నేను, ఎలీసమ్మ."

"కాగితం ఏదీ?"

"ఏటి బాబూ, అలా అరుస్తావు? మేస్త్రీ కూడా ఇలాగే అరిసీవోడు. ఎవులిన్నారు? మళ్లీ సెప్తాను. లక్ష్మణమ్మ, తవిటమ్మ, దాలమ్మ, పోలమ్మ, సూరమ్మ, ఎలీసమ్మ. వరస మారితే పని సాగీది కాదు."

"గోనెలు కుట్టినదాని మనవరాలికి సర్వర్ అప్పజెప్పాను. బుద్ధి తక్కువ నాదే." గణపతిరావు ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు. "ఈ కథలన్నీ పోలీసులు వింటారు."

"ఇనిపించు. ఒక్క మాట మార్చను. నా మనవరాలు తాళాన్ని గోడకి అంటించనన్నాది, అంతే. అది తప్పయితే నన్ను కూడా రాసుకోమను." ఎలీసమ్మ గుమ్మం దాకా వచ్చి, బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

లోపల ఫోన్ మోగింది. వేరే ఉద్యోగం ఇంటర్వ్యూకి విశాఖ వెళ్లిన స్వర్ణ.

"మామ్మా, సారు వచ్చారా? ఆ పాస్‌వర్డు వాళ్ల సొత్తు, అడిగితే దాచొద్దని చెప్పాను కదా. ఇచ్చావా?"

ఎలీసమ్మ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"ఆరు పేర్లూ రెండుసార్లు ఇచ్చానే, జేబులో ఏసుకుని పోనాడు."