వెంట మనిషి

“మీ వెంట ఎవరొచ్చిన్రు?” అంది నర్సు రోజీ.

“ఎవరు రాలే,” అన్నాడు మన్నాన్.

“మత్తిచ్చి పెద్దపేగుల కెమెరా పెడతరు. ఇంటికి తోల్కపోయే మనిషి లేకుంటే పరీక్ష జెయ్యరు. ఇంకోరోజు రండి.”

మన్నాన్‌కి ప్రాణం లేచొచ్చింది. తండ్రి పేగు క్యాన్సర్‌తోనే పోయాడు. యాభై దాటింది, ఒకసారి చూపించుకోమని డాక్టరు పోరుపెడితే, భార్య ఫర్హత్‌కి కూడా చెప్పకుండా వచ్చాడు. ఇక మళ్లీ ఈ గడప తొక్కేది లేదనుకుంటూ లేచాడు.

“కూసో తమ్మీ,” అన్నాడు పక్క బెంచీ మీది ముసలాయన. “అమ్మా, గీయన మనిషిని నేనే. పేరు యేసయ్య, రాసుకో.”

రోజీ ఏదో అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

చేతికందిన సాకు కాస్తా పోయినందుకు మన్నాన్‌కి ఒళ్లు మండింది.

“ఏ ఊరు తమ్మీ?”

“మేడ్చల్. ద్రాక్షతోట ఉండె. ఇప్పుడు ప్లాట్లయింది.”

“రోడ్డు పక్కన ముళ్లకంచె తోటనా? మేం చర్చికి పోతుంటే ఒక సాయిబు కంచె మీదికెల్లి గుత్తులిస్తుండె.”

“మా అబ్బానే!”

ఇక మన్నాన్ నోరు ఆగలేదు. పందిళ్ల కింది చల్లదనం, బావి మోటారు చప్పుడు, అబ్బా చేతుల పచ్చి ఆకు వాసన, అన్నీ చెప్పాడు. యేసయ్య మాత్రం మాట మధ్యలో లేచి బాత్‌రూమ్‌కి పరుగెత్తి వస్తున్నాడు.

“ఏందన్నా, కడుపు కడిగే మందు నేను తాగితే నువ్వు ఉరుకుతున్నవ్?”

యేసయ్య పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులోనే మన్నాన్ లోపలికి నడిచాడు.

“పేగు గోడకు గాలి బుడగలున్నాయి, ద్రాక్షగుత్తిలాగా,” అన్నాడు డాక్టరు, తర్వాత. “చాలా అరుదు. క్యాన్సర్ కాదు. భయం లేదు.”

“తోట అమ్ముకున్నా గుత్తులు కడుపులనే దాసుకున్నవ్ గదా!” అన్నాడు యేసయ్య.

ఆటోలో మేడ్చల్ దాకా వచ్చి దించాడు. ఇద్దరూ రోడ్డు పక్క నిలబడి కొత్త ఇళ్లకేసి చూశారు.

“గా సెల్ టవర్ కాడనే మా బాయి,” అన్నాడు మన్నాన్.

“ఎర్కనే. నీళ్లు తాగిన.”

“ఇంట్లకు రా అన్నా, తిని పోదువు. మీ ఇంట్ల ఎవరెవరున్నరు?”

“మార్తమ్మ ఉండె. పోయినేడు దేవుని దగ్గరికి పోయింది. ఇగ నేనొక్కన్నే. మల్ల వస్త తమ్మీ,” అంటూ అల్వాల్ పోయే బస్సెక్కాడు.

మళ్లీ ద్రాక్షల కాలం వచ్చేసరికి ఏడాది తిరిగింది. మన్నాన్ మళ్లీ చూపించుకోవడానికి వచ్చాడు, ఈసారి ఫర్హత్‌తో, మంచి గుత్తులు ఏరి తెచ్చిన సంచితో.

“సిస్టరమ్మా, యేసయ్యన్న ఇల్లు ఎక్కడనో ఎర్కనా? గా దినం ఇంట్లకు రాకనే పాయె. ఇయ్యాల కడుపునిండ తినిపిస్త.”

రోజీ ముఖం వాడిపోయింది.

“తాత పోయిన నెలల పోయిండు. పేగు క్యాన్సర్. మల్ల వచ్చేసరికే ముదిరింది.”

మన్నాన్ ద్రాక్షల సంచి బెంచీ మీద పెట్టాడు.

“ముందుగాల చూపించుకోలేదా?”

“గా దినం వచ్చింది పరీక్షకే. మీకంటె ముందు పేరు ఆయనదే, వెంట మనిషి లేడని నేనే వాపస్ పొమ్మన్న.”