తొమ్మిదో దుకాణం

టీచరమ్మ కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదని మెకానిక్‌కు రెండు నిమిషాల్లోనే తెలిసిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలియకుండా చూడటమే ఇక మిగిలిన పని.

కంప్యూటర్ కొత్తది. పక్క రేకు విప్పి చూశాడు. లోపల మెమరీ ముక్కలు రెండూ తళతళలాడుతున్నాయి. వాటిని లాగేసి, గూట్లో మూలుగుతున్న పాతవి బిగించి పంపితే ఈ జన్మకు ఆమెకు తెలియదు. నలభై ఏళ్లు పిల్లలకు సంగీతం చెప్పిన మనిషి, రేకు విప్పి చూసే రకం కాదు. కాకపోతే అందుకు ఆమె కంప్యూటర్‌ను రెండు రోజులు దుకాణంలో వదిలి వెళ్లాలి.

"ఏ పాట నొక్కినా మూగనోము పడుతోంది నాయనా," అంది టీచరమ్మ. "నూటపది పాటలు. సోమవారం నుంచి పిల్లలకు క్లాసులు. ఎలాగైనా పాడించాలి."

"ఎక్కడ డౌన్‌లోడ్ చేశారమ్మా?"

"పాత కంప్యూటర్‌లో. అదిప్పుడు నా దగ్గర లేదు. పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను కాబట్టి ఇవైనా మిగిలాయి."

"పాతవి వదిలించుకోవడమే మంచిదిలెండి," అన్నాడు మెకానిక్.

ఒక పాట నొక్కాడు. పాట రాలేదు. తెరమీద చిన్న పెట్టె వచ్చింది, అందులో రెండు వరుసల ఇంగ్లీషు. మెకానిక్ అలాంటి పెట్టెలు చదవడు, మూసేస్తాడు. ఈ పనిలో ఇరవై ఏళ్ల అనుభవం మరి. ఇంకో పాట నొక్కాడు. మళ్లీ పెట్టె. మళ్లీ మూశాడు. పాడించే ప్రోగ్రాం మార్చాడు. ఫైలు పేరు చివరి అక్షరాలు మార్చి చూశాడు. పెట్టె మాత్రం పిలవని చుట్టంలా వస్తూనే ఉంది.

టీచరమ్మ వెంట అల్లుడు కూడా వచ్చాడు. స్టూలు మీద బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని గోడమీది పాత క్యాలెండర్ చదువుతున్నాడు. బట్టలు మామూలువే. బూట్లు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి.

"అల్లుడుగారు ఏం చేస్తుంటారమ్మా?"

"ఏదో ప్రభుత్వ ఉద్యోగం. ఊరంతా తిరగడమే పని."

"పాపం," అని మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. మొహం డాక్టరులా పెట్టాడు. "లోపల సౌండ్ కార్డు కాలిపోయిందమ్మా. రెండు రోజులు వదిలి వెళ్లండి."

"కొత్తదే కదయ్యా?"

"ఈ మధ్య కొత్తవే ఎక్కువ కాలుతున్నాయి."

టీచరమ్మ తన కంప్యూటర్ దగ్గరకు జరిగింది. "అది కాదు నాయనా. ఇప్పటికే ఎనిమిది దుకాణాలు తిరిగాను. కంప్యూటర్ లక్షణంగా ఉంది, పాటలే చెడిపోయాయి అన్నారు అందరూ. తమ కంప్యూటర్లలో పెట్టి చూపించారు కూడా, వాటిలోనూ పాడలేదు. మరి తప్పు పాటలదైతే దీన్నిక్కడ వదలడం ఎందుకు?" అంటూ వైర్లు చుట్టడం మొదలుపెట్టింది.

నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయేలా ఉంది. మెకానిక్‌కు ఆ ఎనిమిది మంది మీద ఒళ్లు మండింది. పాటలు బాగానే ఉన్నాయని ఇప్పుడు, ఇక్కడ, ఆమె చెవికి వినిపించాలి.

"ఆగండమ్మా! వాళ్ల డొక్కు మిషన్లలో ఏం పాడతాయి? నా దాంట్లో పెట్టి చూపిస్తాను."

అతని సొంత కంప్యూటర్ బల్ల చివర నల్లడబ్బాలో ఉంది. ఆ డబ్బా తనే మార్చి వేసుకున్నాడు. ఎక్కడ కొన్నావని ఎవరైనా అడిగితే "కుదిరింది" అంటాడు. వచ్చిన రోజు అడ్డుగా ఉన్న ఫైళ్లు నాలుగు చెరిపాడు, తెరమీద బొమ్మ మార్చాడు, అంతే. నడిచే బండికి స్పానరు పెట్టకూడదని అతని సూత్రం.

పెన్‌డ్రైవ్ గుచ్చాడు. మొదటి పాట నొక్కాడు. పెట్టె రాలేదు.

వయొలిన్ మోగింది. వెనకే పిల్లల గొంతులు గుంపుగా అందుకున్నాయి. దుకాణమంతా నిండిపోయింది. రెండోది నొక్కాడు, అదీ పాడింది. మూడోది తేనెలా పాడింది.

"ఇప్పుడేమంటారు?" మెకానిక్ రొమ్ము విరుచుకున్నాడు. "పాటలు నిక్షేపంలా ఉన్నాయి. జబ్బు మీ మిషన్‌దే."

టీచరమ్మ కళ్లు మూసుకుని మూడో పాట చివరిదాకా వింది. తరవాత కళ్లు తుడుచుకుని అడిగింది. "ఈ కంప్యూటర్ నీదేనా నాయనా?"

"ఎంత మాట! ఒక్కో ముక్కా నా చేత్తో బిగించుకున్నది. ఇంకొకరి చెయ్యి పడలేదు దీనిమీద."

అప్పుడు అల్లుడు స్టూలు మీంచి లేచాడు. వెళ్లి షట్టరు సగానికి దించాడు.

"షట్టరెందుకండీ?" అన్నాడు మెకానిక్.

అల్లుడు టీచరమ్మ వైపు తిరిగాడు. "ఎన్నోది అత్తయ్యా ఇది?" అని అడిగాడు.

"తొమ్మిదోది బాబూ," అంది టీచరమ్మ. పెన్‌డ్రైవ్ తీసి కళ్లజోడు డబ్బాలో భద్రంగా పెట్టుకుని మెకానిక్ వైపు తిరిగింది. "నువ్వు చదవకుండా మూసేశావే ఆ పెట్టె, అందులో ఉన్నది ఒక్కటే మాట నాయనా: ఇవి డబ్బిచ్చి కొన్న పాటలు, ఏ కంప్యూటర్‌లో కొన్నారో అందులో తప్ప ఇంకెందులోనూ పాడవు అని. నేను వీటిని కొన్నది ఏ కంప్యూటర్‌లోనో, దాన్ని పోయిన నెల పట్టపగలు, వంటింటి కిటికీ ఊచలు కోసి ఎవరో ఎత్తుకుపోయారు."