క్వారీ అంచున ఫొటో

చీమకుర్తిలో గ్రానైటు క్వారీ అంచున నిలబడి హెలెన్ టీచర్ కెమెరా సరిచేసుకుంటోంది. కొండదారుల ఫొటోల పోటీకి ఆ రోజే గడువు. అరకు వెళ్లడానికి బడిలో సెలవు దొరకలేదు. క్వారీలోకి దిగే లారీల దారి మెలికలు తిరిగి, అచ్చం ఘాట్ రోడ్డులా ఉంది.

"ఇక్కడెక్కడైనా కొండ ఉందా తాతా? వెనక కొండ లేకపోతే ఎవరూ నమ్మరు," అని వాచ్‌మన్ వెంకయ్యను అడిగింది.

"ఉండేదమ్మా. ఇప్పుడు ఈ గొయ్యి ఉన్నచోటే."

"ఏమైంది?"

"ఆ దారినే పోయింది. పద్దెనిమిదేళ్లు నేనే లారీలో తోలాను."

హెలెన్ కెమెరా దించింది. ఆ మెలికల వైపు చూసి, మళ్లీ ఎత్తింది.

"తాతా, కాస్త ఆ దారి చివర నిలబడతావా?"

"కొండకి బదులా?" అంటూ వెంకయ్య చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.